పైన? కింద? నువ్వు?

ఆ రోజు పొద్దున మేస్త్రి వేసుకున్న పథకంలో లోపమేమీ లేదు. ఏడున్నరకి నిచ్చెన వేయాలి. ఎనిమిదికి ఎక్కాలి. పదిన్నరకల్లా మేడమీది కిటికీ పైన మిగిలిపోయిన ఆరడుగుల పట్టీని గీకి, రంగు వేసి దిగాలి. పదకొండుకి తనిఖీ ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని, నిచ్చెన పక్కన నిలబడి నవ్వాలి, ఆపైన ఎక్కి చూపించాలి. ఆ నవ్వు కూడా ముందురోజే అద్దంలో చూసి ఖాయం చేసుకున్నాడు. ఈ మొత్తం పథకంలో భార్యతో మాట్లాడాల్సిన అవసరం ఎక్కడా లేదనుకున్నాడు. అక్కడే పప్పులో కాలేశాడు.

తనిఖీ అల్లాటప్పా వ్యవహారం కాదు. ఆ వీధిలోని పదకొండు భవనాలూ ఒకే యాజమాన్యానివి. గోడలకి రంగైనా, చూరుకి మరమ్మతైనా, బోర్డు బిగించడమైనా, ఎత్తు మీద చేసే పని ఏదైనా సరే ఇకనుంచి జాబితాలో పేరున్నవాళ్ళకే ఇస్తామని యాజమాన్యం నోటీసు అంటించింది. జాబితాలో చేరాలంటే నిచ్చెన మీద పని ఎలా చేస్తారో ఇన్‌స్పెక్టరు కళ్ళారా చూడాలి. చేరితే ఏడాది పొడుగునా చేతినిండా పని. చేరకపోతే ఇరవైరెండేళ్ళుగా తెల్లారితే వచ్చే వీధికి ఇక రానక్కర్లేదు.

ఈ ఇరవైరెండేళ్ళూ మేస్త్రి ఎక్కాడు, భార్య కట్టింది. ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఆవిడ వేసే ముడులు చూసి వీధంతా ముడులమ్మ అంటుంది. ఆవిడ వేసిన ముడి గాలికీ వానకీ ఊడదు. లాగేకొద్దీ బిగుస్తుంది. సరైన కొస పట్టుకుంటే మాత్రం వెన్నలా జారిపోతుంది, కానీ ఆ సరైన కొస ఏదో ఆవిడకే తెలుసు. పైన కట్టిన ముడికి ఒక ఎర్రగుడ్డ పీలిక చుడుతుంది. ఎర్రగుడ్డ ఉన్న ముడిని కట్టినవాళ్ళు తప్ప ఇంకెవరూ ముట్టకూడదని అర్థం.

ఇద్దరికీ మరో నియమం ఉంది. నిచ్చెన మీద కాలు పెట్టేముందు మేస్త్రి మూడు మాటలు అడగాలి. "పైన?" అంటే ఆవిడ "కట్టాను" అనాలి. "కింద?" అంటే "కట్టాను" అనాలి. "నువ్వు?" అంటే "ఉన్నాను" అనాలి. అంటే నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు అదిమిపెట్టి నిలబడ్డానని. దిగేముందు మళ్ళీ అవే మూడు ప్రశ్నలు, అవే మూడు జవాబులు. మేస్త్రికి పని నేర్పిన గురువు ఒకసారి ఏమీ అడక్కుండా దిగాడు. కింద పట్టుకోవాల్సిన మనిషి సిగరెట్టు కోసం వెళ్ళి ఉన్నాడు. ఆ గురువు మిగతా జీవితమంతా కుంటుతూనే పని నేర్పాడు.

ఇంత మంచి నియమానికి ముందురోజు సాయంత్రం గండి పడింది. మేస్త్రి జాబితా ఫారం నింపడానికి కూర్చున్నాడు. 'పని చేసేవారు' అన్న పెద్ద గడిలో తన పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, ఇరవైరెండేళ్ళ అనుభవం, అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. ఎంతమంది అన్నచోట 'ఒకరు' అని రాశాడు. దాని కింద బొటనవేలి గోరంత గడి ఒకటి ఉంది. 'సహాయం' అట. అందులో 'భార్య' అని రాశాడు. ముడులమ్మ ఫారం చేతిలోకి తీసుకుని నింపాదిగా చదివింది.

"నాకు పేరు లేదా?" అంది.

"గడి చిన్నది," అన్నాడు మేస్త్రి.

"పని చేసేది ఒకరేనా?"

"ఎక్కేది ఒకరేగా. ముడి వేయడం కూడా ఒక పనేనా? మూట కట్టే ప్రతివాడూ వేస్తాడు."

ఈ ఆఖరి మాట అనకుండా ఉంటే ఈ కథే లేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. ముడులమ్మ ఫారం నాలుగు మడతలు పెట్టి, అతని చొక్కా జేబులో దోపి, జేబు మీద రెండుసార్లు తట్టి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిట్టలేదు. అది మేస్త్రికి మొదట నచ్చింది. భోజనం ముగిసేసరికి భయం వేసింది. తెల్లారేసరికి అతనికీ పౌరుషం వచ్చింది. ఆవిడ మాట్లాడకపోతే నేనెందుకు మాట్లాడాలి అనుకున్నాడు.

పొద్దున ఇద్దరూ నిచ్చెన మోసుకుని వీధిలోకి వచ్చారు. ముందు కొస మేస్త్రిది, వెనక కొస ముడులమ్మది. ఇరవైరెండడుగుల నిచ్చెన మధ్యలో ఉంటే మాట్లాడుకోకపోవడం తేలిక.

ఆ భవనంలో కింద పళ్ళ డాక్టరు ఆసుపత్రి, మేడ మీద ప్లీడరు ఆఫీసు. వాచ్‌మన్ ఒకప్పుడు బస్సు కండక్టరు. ఉద్యోగం పోయినా మెడలో విజిలూ, నోట్లో 'రైట్' అన్న మాటా పోలేదు. అతను తాళం తీస్తే ముడులమ్మ మేడ మీదికి వెళ్ళి, ప్లీడరు గది కిటికీ లోపలివైపు బలమైన కర్రదుంగ ఒకటి అడ్డంగా పెట్టింది. కిటికీ కంటే దుంగ మూరెడు పొడుగు, బయటికి లాగితే గోడకి తన్నుకుంటుంది తప్ప ఊడిరాదు. నిచ్చెన పక్కకమ్మిని ఆ దుంగకి కట్టి, ముడికి ఎర్రగుడ్డ చుట్టింది. కిందికొచ్చి, నాలుగడుగుల ఎత్తుకి ఒక అడుగు చొప్పున గోడ నుంచి ఎడం కొలిచి, నిచ్చెన రెండు కాళ్ళనీ ఆసుపత్రి మెట్ల పక్కనున్న ఇనుప కమ్మీకి బిగించింది. కాళ్ళ ముందు ఇసుక బస్తా పెట్టింది. చుట్టూ సుద్దముక్కతో గీత గీసింది. మొదటి మెట్టు మీద కుడికాలు పెట్టి, రెండు చేతులతో నిచ్చెన పట్టుకుని, వీధివైపు చూస్తూ నిలబడింది.

మేస్త్రి రంగు డబ్బా నడుముకి తగిలించుకుని వచ్చాడు. అడగాలి. అడిగితే ఓడిపోయినట్టు. అడక్కుండా ఎక్కడం మాత్రం అతని ఒంట్లోనే లేదు. వాచ్‌మన్ని పిలిచాడు.

"అన్నా, పైన కట్టారా అని అడగండి."

వాచ్‌మన్ రెండడుగుల దూరంలో ఉన్న ముడులమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, పైన కట్టారా అని అడుగుతున్నారు."

"కట్టానని చెప్పండి."

"కట్టారట."

"కింద?"

"కట్టానని చెప్పండి."

"ఆవిడ ఉన్నారా అని అడగండి."

వాచ్‌మన్ మేస్త్రిని చూశాడు, ముడులమ్మని చూశాడు. "ఉన్నారు. నాకు కనిపిస్తున్నారు."

"మీరు చెప్తే కుదరదన్నా. ఆవిడ చెప్పాలి."

"ఉన్నాను," అంది ముడులమ్మ, వీధికి.

"రైట్," అన్నాడు వాచ్‌మన్. మేస్త్రి ఎక్కాడు.

పని బ్రహ్మాండంగా సాగింది. పదింబావుకి పట్టీ మెరిసిపోతోంది. మేస్త్రి బ్రష్షు డబ్బాలో పెట్టి, కిందికి చూడకుండానే "అన్నా" అని పిలిచాడు. జవాబు లేదు. ఆసుపత్రికి కొత్త కుర్చీ వచ్చింది. రోగులు వెనక్కి వాలి నోరు తెరిచే ఆ పెద్ద కుర్చీని పెరటి తలుపులోంచి లోపలికి ఎక్కించడానికి వెళ్ళిన వాచ్‌మన్, తలుపుకీ కుర్చీకీ మధ్య ఇరుక్కుని 'రైట్, ఇంకొంచెం రైట్' అంటున్నాడు. మేస్త్రి నిచ్చెనకి చెయ్యి మెలేసి ఆగాడు. అడగలేడు, దిగలేడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అలాంటి చోట పదిహేనడుగుల ఎత్తున నిలబడ్డాడు.

పని చేసే మనిషిని ఎవరూ చూడరు. పని మానేసి నిచ్చెన మీద ఊరికే నిలబడితే మాత్రం అందరూ చూస్తారు. ముందు ఒకాయన ఆగాడు. ఆయన ఏం చూస్తున్నాడా అని ఇంకో ఇద్దరు ఆగారు. పన్ను పీకించుకుని నోట్లో దూదితో బయటికి వచ్చిన ఒక పెద్దాయన కూడా తలెత్తి అలాగే నిలబడిపోయాడు. పది నిమిషాల్లో పాతికమంది అయ్యారు.

"ఎందుకు దిగడం లేదమ్మా ఆయన?" అని ఒకావిడ అడిగింది.

"ఆయన్నే అడగండి. మేం మాట్లాడుకోవడం లేదు," అంది ముడులమ్మ.

అంతే. మాట నోరు దాటితే ఊరు దాటుతుంది. మొదటి వరసలో 'మాట్లాడుకోవడం లేదు' అన్నది, మూడో వరసకి 'విడిపోతున్నారు' అయింది. ఆఖరి వరసలో 'దూకుతానంటున్నాడు' అని స్థిరపడింది. అప్పుడే వీధిలోకి తిరిగిన మేడమీది ప్లీడరు ఆ ఆఖరి వరస దగ్గరే ఆగి విషయం తెలుసుకున్నాడు. భార్యాభర్తల తగాదాలు తీర్చడంలో ఆయనకి పేరుంది. తన ఆఫీసు గోడ మీదే కేసు వెలిసిందని తెలిసేసరికి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

గదిలోకి వెళ్ళి చూస్తే కిటికీకి అడ్డంగా దుంగ, దుంగకి తాడు, తాడుకి ఎర్రగుడ్డ. కిటికీ అవతల మేస్త్రి మోకాళ్ళు. మనిషి మిగతా భాగం పైకి ఉంది. ప్లీడరు కుర్చీ లాక్కుని ఆ మోకాళ్ళకి ఎదురుగా కూర్చున్నాడు.

"చూడు నాయనా, తొందరపడకు. నీకేం కావాలో చెప్పు," అన్నాడు.

"ఆవిడ ఒక్క మాట అనాలండి. అంటే దిగుతాను," అన్నాయి మోకాళ్ళు.

"ఏమనాలి?"

"ఉన్నాను అనాలి."

ప్లీడరుకి కళ్ళు చెమర్చాయి. ఇరవై ఏళ్ళ వృత్తిలో భరణం అడిగినవాళ్ళని చూశాడు, ఇల్లు అడిగినవాళ్ళని చూశాడు. భార్య నోట 'నీకు నేనున్నాను' అన్న మాట అడిగిన భర్తని చూడటం ఇదే మొదలు. దుంగ మీదుగా తల బయటికి పెట్టాడు.

"అమ్మా, ఉన్నానని ఒక్క మాట అనండి. ఆయన దిగొస్తాడు."

"అడిగితే అంటాను. అడగాల్సింది ఆయన నోటితో," అంది ముడులమ్మ.

"నేను అడుగుతున్నాను కదమ్మా, ఆయన తరఫున."

"నిచ్చెన దగ్గర వకాల్తా చెల్లదు బాబూ."

జనం ఉండబట్టలేకపోయారు. "ఉందయ్యా, దిగు" అని ఒకరు అరిచారు. "మేం చూస్తున్నాం, కాలు పెట్టే ఉంది" అని ఇంకొకరు. చివరికి పాతికమందీ కలిసి "ఉంది, దిగు" అన్నారు. కుర్చీ నుంచి విముక్తుడై వచ్చిన వాచ్‌మన్ ఆ సందడి చూసి, కర్తవ్యం గుర్తొచ్చి విజిల్ ఊదాడు. జనాన్ని చెదరగొట్టాలని అతని ఉద్దేశం. ఆ విజిలుకి పక్కవీధి జనం కూడా వచ్చారు.

"అన్నా, వచ్చారా. పైన కట్టారా అని అడగండి," అని మేస్త్రి పైనుంచి ప్రాణం లేచివచ్చినట్టు అరిచాడు.

ఈసారి ముడులమ్మే ఒప్పుకోలేదు. "పొద్దున ముగ్గురమే ఉన్నాం, సరే అన్నాను. ఇప్పుడు మధ్యలో యాభైమంది ఉన్నారు. కట్టానన్నది నేనో, ఇంకొకరో పైనున్న మనిషికి ఎలా తెలుస్తుంది? యాభై నోళ్ళు దాటొచ్చిన మాట మీద కాలు పెట్టకూడదు," అంది.

పైనుంచి మేస్త్రి ఈ మాట విన్నాడు. అది నూటికి నూరుపాళ్ళు సరైన మాటని అతనికి తెలుసు. తెలియడం వల్ల కోపం ఇంకా పెరిగింది. తానే నోరు తెరిచి అడిగితే ఒక్క నిమిషంలో అయిపోతుంది. కానీ కింద యాభైమంది ఉన్నారు. యాభైమంది ముందు ఓడిపోవాలంటే ఏ మొగుడికైనా కొంచెం వ్యవధి కావాలి.

ఆ వ్యవధిలో ఎవరో పుణ్యాత్ముడు ఫైరింజనుకి ఫోను చేశాడు.

సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు వచ్చింది. పదకొండుకి రావాల్సింది ఇరవై నిమిషాలు ముందే వచ్చింది. ఇన్‌స్పెక్టరంటే జీపులో దిగే మీసాలాయన అని వాచ్‌మన్ మనసులో బొమ్మ గీసుకున్నాడు. స్కూటరు మీద, చంకలో ఫైలుతో వచ్చిన సన్నటావిడ ఆ బొమ్మకి ఏ మూలా సరిపోలేదు. "రైట్, వెనక్కి జరగండమ్మా, ఇక్కడ కొంప మునుగుతోంది," అన్నాడు. ఆవిడ జరగలేదు. జనంలోంచి దారి చేసుకుని నిచ్చెన దగ్గరికి వచ్చింది.

"గీత దాటకండి. పైనుంచి బ్రష్షు పడినా తల పగులుతుంది," అంది ముడులమ్మ.

ఇన్‌స్పెక్టరు కిందికి చూసుకుంది. చెప్పు సుద్దగీత మీద ఉంది. ఒక అడుగు వెనక్కి వేసి, ఫైలు తెరిచింది.

"ఎప్పటినుంచి ఇలా నిలబడ్డారు?"

"ఎనిమిది నుంచి."

"కాసేపు కూర్చోకూడదా? కట్టే ఉందిగా."

"పైన మనిషి ఉన్నాడండి."

"ఆయనతో మాట్లాడటం లేదని అంటున్నారు ఇక్కడ."

"మాట్లాడేది నోరు. నిచ్చెన మీద ఉన్నది కాలు. దాని పని దానిదే," అంది ముడులమ్మ. ఇన్‌స్పెక్టరు ఫైల్లో ఏదో రాసుకుంది.

ఫైరింజను గంట కొట్టుకుంటూ వచ్చింది. నలుగురు దిగారు. నాయకుడు మీసం దువ్వుకుని, పరిస్థితి ఒక్క చూపులో గ్రహించి, తమ నిచ్చెన దింపించాడు. మేస్త్రి నిచ్చెనకి పదడుగుల దూరంలో గోడకి ఆనించారు. ఆ పక్కనే ఆసుపత్రి ఆయా పొద్దున్నే నేల కడిగి వదిలేసింది. నున్నటి బండలు ఇంకా తడిగానే ఉన్నాయి.

"ఆగండి. ఎక్కొద్దు. దాన్ని ఎక్కడ కట్టారు?" అంది ముడులమ్మ.

"మేం రోజూ ఎక్కేవాళ్ళమమ్మా," అన్నాడు నాయకుడు.

"పడేది రోజూ ఎక్కేవాళ్ళే. ఎక్కనివాడు ఎక్కణ్ణుంచి పడతాడు?"

నాయకుడు చిరునవ్వు నవ్వి సైగ చేశాడు. ఒకతను రెండు మెట్లు ఎక్కాడు. నిచ్చెన కాళ్ళు తడి బండ మీద కీచుమని జానెడు జారాయి. అతను వెనక్కి గెంతి, నోట్లో దూదున్న పెద్దాయన మీద పడ్డాడు. నాయకుడు టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, ముడులమ్మ దగ్గరికి వచ్చాడు. గీత అవతలే ఆగాడు.

"ఎక్కడ కట్టమంటారు?" అన్నాడు.

ముడులమ్మ తన నిచ్చెన మీద కాలు తియ్యలేదు. చేతులు వదల్లేదు. గడ్డంతోనే పని చూపించింది. ముందు బండలు తుడవమంది. వాళ్ళ బండిలోంచి ఇసుక బస్తా తెమ్మంది. మెట్ల కమ్మీకి రెండోవైపు చూపించి, తాడు రెండు చుట్లు తిప్పమంది. "ఆ కొస కాదు, రెండోది. కిందనుంచి తెండి. ఇప్పుడు లాగండి. అలాగ." నలుగురు యూనిఫారాలవాళ్ళు వరసగా వంగి ముడి నేర్చుకుంటూ ఉంటే, ఇన్‌స్పెక్టరు పేజీ తిప్పి రెండోవైపు రాయడం మొదలుపెట్టింది.

ఇదంతా పైనుంచి మేస్త్రికి కనిపిస్తూనే ఉంది. ఎండ నడినెత్తికి వస్తోంది. ముడులమ్మ మెడ మీద చెమట కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మూడు గంటలుగా ఆ కాలు కదల్లేదు. కోపంలో ఉన్న మనిషి కాలు. మూట కట్టే ప్రతివాడూ వేస్తాడు అని తాను అన్న మాట మేస్త్రికి మళ్ళీ వినిపించింది. అతనికి సిగ్గేసింది. మామూలు సిగ్గు కాదు, పెళ్ళైన కొత్తలో కూడా అంత పడలేదు. యాభైమంది ఉంటే ఉన్నారు, అడిగేద్దాం అనుకుని నోరు తెరిచాడు.

అప్పుడు కాళ్ళ దగ్గర కరకరమని చప్పుడైంది.

చాలాసేపటి నుంచి ప్లీడరు ఆ దుంగనీ తాడునీ చూసి ఆలోచిస్తున్నాడు. చివరికి ఆయనకి తట్టింది. ఈ మనిషి దిగకుండా తనని తాను భవనానికి కట్టేసుకున్నాడు. ఎర్రగుడ్డ నిరసన జెండా అయి ఉంటుంది. ముందు చేతులతో ముడి విప్పబోయాడు. లాగేకొద్దీ బిగిసింది. పళ్ళతో ప్రయత్నించాడు. కింద పళ్ళ డాక్టరు ఉన్నాడన్న ధైర్యం కాబోలు. అదీ కుదరక బల్ల సొరుగులోంచి కాగితాల కత్తెర తెచ్చి తాడు కోయడం మొదలుపెట్టాడు.

"అయ్యా, అది కోయకండి," అన్నాడు మేస్త్రి.

"భయపడకు నాయనా, నిన్ను విడిపిస్తున్నాను."

"అయ్యా, నన్ను కాదు, నిచ్చెనని విడిపిస్తున్నారు."

"అందరూ మొదట అలాగే అంటారు," అన్నాడు ప్లీడరు. మూడు పేటల్లో ఒకటి తెగింది.

మేస్త్రి ఒక క్షణం ఆలోచించాడు. కిందికి వంగి చూశాడు. యాభై తలల మధ్య ఒక్క తలనే చూసి, వీధి మొత్తం వినేలా అడిగాడు.

"నువ్వు?"

ముడులమ్మ పొద్దుటినుంచి మొదటిసారి తలెత్తింది. 'పైన' లేదు. 'కింద' లేదు. ఇరవైరెండేళ్ళలో ఈ మనిషి ఒక్క ప్రశ్న వదల్లేదు. పైన అని అడగలేదంటే పైన ఏదో పోయిందన్నమాట. ఎందుకు, ఎలా అని ఆవిడ అడగలేదు. రెండో కాలు కూడా మెట్టు మీద పెట్టి, ఒంటి బరువంతా నిచ్చెన మీద వేసింది.

"ఉన్నాను. దిగండి."

మేస్త్రి దిగాడు. పరుగెత్తలేదు, మెట్టు తర్వాత మెట్టు, ఎప్పుడూ దిగినట్టే దిగాడు. సగంలో ఉండగా పైన తాడు తెగి, ఎర్రగుడ్డ గాలికి ఊగుతూ జనం మీద పడింది. నిచ్చెన పక్కకి జానెడు ఊగింది. కింద కట్టిన ముడి కిర్రుమంది తప్ప కదల్లేదు. ముడులమ్మ కదల్లేదు. మేస్త్రి చివరి మెట్టు దగ్గరికి వచ్చాడు. ఆవిడ కాళ్ళు తీసి అతని కాళ్ళకి చోటిచ్చింది.

జనం చప్పట్లు కొట్టారు. మేడ మీద ప్లీడరు కత్తెర పైకెత్తి ఆ చప్పట్లు తానే అందుకున్నాడు.

"పైన అని అడగలేదేం?" అంది ముడులమ్మ.

"అడిగితే కట్టానంటావు. నువ్వు కట్టింది నిజమే, అక్కడ ఉన్నది అబద్ధం. నీ నోట అబద్ధం పలికించడం ఎందుకని," అన్నాడు మేస్త్రి. తర్వాత అక్కడున్న యాభైమందీ, ఫైరింజనువాళ్ళు నలుగురూ వినేలా ఇంకో మాట అన్నాడు. "నిన్న తప్పు మాట అన్నాను. ముడి వేయడం పనే. అది ఉంటేనే మిగతాది పని."

ముడులమ్మ మెడ మీద చెమట అప్పుడు తుడుచుకుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఆవిడ రచ్చలో గెలిచింది, ఇంట్లో సంగతి ఇక చూసుకోనక్కర్లేదు.

ఇన్‌స్పెక్టరు గీత దాటి ముందుకొచ్చి, "ఫారం తెచ్చారా?" అని చెయ్యి చాపింది. అప్పటికి గానీ ఆవిడ ఎవరో ఎవరికీ తెలియలేదు. వాచ్‌మన్ విజిల్ మింగినంత పని చేశాడు. మేస్త్రి తాను ఖాయం చేసుకున్న నవ్వు కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. జేబులోంచి ఫారం తీసి ఇచ్చాడు.

"పని చేసేవారు ఒకరు," అని చదివింది ఇన్‌స్పెక్టరు.

"తప్పు రాశాను మేడం. ఇద్దరు," అన్నాడు మేస్త్రి.

"సరిగ్గానే రాశారు. దిగేముందు ఎన్ని ప్రశ్నలు అడగాలని మీ నియమం? ఇక్కడ అందరూ చెప్పారు."

"మూడు."

"ఎన్ని అడిగారు?"

మేస్త్రి మేడవైపు చూశాడు. ప్లీడరు కత్తెర వెనక్కి దాచుకున్నాడు.

"ఒకటి. కానీ మేడం, దానికి కారణం..."

"కారణం నేనూ చూశాను, మంచి కారణమే. ఫారంలో కారణాలకి గడి లేదు. పైగా దిగగలిగి కూడా గంటసేపు పైన నిలబడ్డారు, వీధి ఆగిపోయింది. ఆవిడ మాత్రం ఎనిమిదింటినుంచి ఒక్క తప్పు చేయలేదు. నన్ను కూడా గీత దాటనివ్వలేదు." ఇన్‌స్పెక్టరు కలం తీసి, పెద్ద గడిలోని గుండ్రటి అక్షరాలన్నిటి మీదా ఒక అడ్డగీత గీసింది. "ఈ వీధిలో ఎత్తు పనులకి ఈవిడ పేరు జాబితాలో వేస్తున్నాను. మిమ్మల్ని ఎక్కడం మానమనడం లేదు. ఆవిడ ఎక్కమంటే ఎక్కండి, దిగమంటే దిగండి. ఆరునెలల తర్వాత మళ్ళీ తనిఖీకి రండి. మీ పేరు చెప్పండమ్మా."

ముడులమ్మ చెప్పింది. పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, ఇరవైరెండేళ్ళ అనుభవం. ఆ వీధి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వినని పేరు పెద్ద గడిలో తీరిగ్గా కూర్చుంది. ఇన్‌స్పెక్టరు కలం కింది గడికి దిగింది. 'భార్య' అన్న మాట కొట్టేసి, పక్కన మిగిలిన కాస్త చోటులో 'భర్త' అని రాసింది.

మేస్త్రి మెడ సాచి చూశాడు.

"నా పేరు రాయరా?" అన్నాడు.

"గడి చిన్నది," అంది ముడులమ్మ, తాడు చుట్ట చుట్టుకుంటూ.